మీల్ మేకర్: పద్దెనిమిదేళ్ళు తిన్నాక రాస్తున్న రివ్యూ

ముందే చెప్తున్నా, ఇది ఏ ఒక్క కంపెనీ ప్యాకెట్ గురించీ కాదు. మీల్ మేకర్ అనేది నిజానికి ఒక బ్రాండ్ పేరు, కానీ మన దగ్గర డాల్డా లాగా, జిరాక్స్ లాగా అది వస్తువు పేరే అయిపోయింది. సోయా చంక్స్ అని రాసి ఉన్న ప్యాకెట్టైనా, కిరాణా కొట్టులో సంచిలోంచి తూచి ఇచ్చే లూజు సరుకైనా, అడిగేటప్పుడు అందరం "పావుకిలో మీల్ మేకర్ ఇవ్వన్నా" అనే అంటాం. దాని గురించే రాస్తున్నాను. ఇంకో మాట కూడా, నేను దీన్ని ఒక్క రుచి చూసి తూచలేను. ఎందుకంటే పద్దెనిమిదేళ్ళుగా చుట్టాల ఇళ్ళలో, పెళ్ళిళ్ళలో, ఆఫీసులో నేను నీసు తిననని తెలిసినప్పుడల్లా జనం ఏం మాట్లాడారో, ఆ తర్వాత ఏం వండి పెట్టారో, అందులో ఎక్కువసార్లు ఇదే ఉంది.

మాది ఆర్మూర్ దగ్గర పల్లెటూరు. అంకాపూర్ అంటే తెలియనివాళ్ళు తక్కువ కదా, దేశీ కోడికి పేరున్న ఊరు, కోడి చెప్తే మన కళ్ళ ముందే కోసి కూర వండి అన్నంతో కట్టిచ్చే ఊరు. అక్కడికి పది కిలోమీటర్లు మేము. హైదరాబాద్‌లో ఎవరికైనా మా ఊరు చెప్పగానే వచ్చే మొదటి మాట "అయ్యో, అయితే మీకు అంకాపూర్ కోడి ఎప్పుడూ దొరుకుతుందన్నమాట". నేను తిననండీ అంటే ఎదుటి మనిషి మొహంలో ఒక మార్పు వస్తుంది. అది కోపం కాదు, జాలి లాంటిది. కాసేపటికి అది అనుమానం అవుతుంది, ఆ తర్వాత ప్రశ్న వస్తుంది: "ఎందుకు?"

ఎందుకంటే పెద్ద కథ ఏమీ లేదు. పదో తరగతిలో నాకు కామెర్లు వచ్చాయి. మా వైపు కామెర్లకు పసరు తాగించి పత్యం పెడతారు, నూనె, కారం, నీసు అన్నీ బంద్. ఆస్పత్రిలో కూడా చూపించారు, కానీ పత్యం మాత్రం మా నాయనమ్మ గట్టిగా చేయించింది. ఆర్నెల్ల తర్వాత పత్యం విడిచే రోజు అమ్మ యాటకూర వండింది. గిన్నె మూత తీసింది, నేను చూశాను, నాకు వద్దనిపించింది. అసహ్యం వేయలేదు, భయం వేయలేదు, వద్దనిపించింది అంతే. వారానికి వస్తుందిలే అనుకున్నాం. రాలేదు. కొన్ని నెలల తర్వాత నాకు నేనే ఆలోచించుకుని, ఇక తినను, దీనికోసం ఒక ప్రాణం పోనక్కర్లేదు అనుకున్నాను. కానీ ఈ మాట నేను ఎవరికీ చెప్పను. చెప్తే ఎదుటివాళ్ళకు తాము తినేదాన్ని నేను తప్పు పడుతున్నట్టు అనిపిస్తుంది, నాకు ఆ ఉద్దేశం లేదు. మా అమ్మ, మా బాపు, నా భర్త, నా బిడ్డ, అందరూ తింటారు.

2014లో కేంద్ర ప్రభుత్వం చేసిన శాంపిల్ రిజిస్ట్రేషన్ సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలింది. దేశంలో అదే ఎక్కువ. అంటే నా లాంటివాళ్ళం నూటికి ఇద్దరం కూడా లేము. ఆ ఇద్దరిలో కూడా ఎక్కువమంది ఇంటి ఆచారంగా తిననివాళ్ళే ఉంటారనుకుంటా. వాళ్ళను ఎవరూ ఎందుకు అని అడగరు. తినే ఇంట్లో పుట్టి మానేసినవాళ్ళనే అడుగుతారు. "బాపనామెవైనవా ఏంది?" అని మా మేనత్త అడిగింది. "ముక్కలు తీసేసి షోర్వ పోసుకో, ఏం గాదు" అని కనీసం వందమంది చెప్పి ఉంటారు. ఈ షోర్వ మాట వెనక ప్రేమ ఉందని నాకు తెలుసు. వాళ్ళకు పళ్ళెంలో ముక్క లేకపోతే మనిషిని పస్తు పడుకోబెట్టినట్టు ఉంటుంది. దావత్‌కు పిలిచి బగారా అన్నంలో ఉత్త టమాటా చారు పోయడం వాళ్ళకు చిన్నతనం. ఆ చిన్నతనం పోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆ ఏదో ఒకటే మీల్ మేకర్.

మా ఇంట్లోకి అది ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా బాపు వానాకాలం సోయా వేస్తాడు. మా నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్, ఆదిలాబాద్ వైపు సోయా బాగానే వేస్తారు, జూన్‌లో వానలు పడగానే విత్తితే దసరా నాటికి చేతికి వచ్చేస్తుంది. ఇన్నేళ్ళు పండించాం, మార్కెట్ యార్డుకు తోలాం, కానీ ఒక్కనాడూ ఇంట్లో వండుకోలేదు. అది తినే పంట అని మా అమ్మకు తెలియనే తెలియదు, మిల్లుకు పోయి నూనె అయ్యే గింజ అంతే. నిజామాబాద్‌లో ఉండే చిన్నమ్మ ఒకసారి ప్యాకెట్ తెచ్చి "దీనికి వండిపెట్టక్కా, అచ్చం ముక్కలెక్కనే ఉంటది" అని ఇచ్చిపోయింది. అమ్మ దాన్ని కడిగి, కడిగింది కడిగినట్టు పోపులో వేసి, నీళ్ళు పోసి ఉడికించింది. వాసన ఇల్లంతా. బాపు పళ్ళెం ముందు పెట్టుకుని "ఇది పచ్చిగడ్డి వాసనొస్తున్నది, బర్రెలకు పెట్టేదా?" అన్నాడు. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కోసం చేసింది కదా అని నేను మొత్తం తిన్నాను. నిజం చెప్తున్నా, బాగాలేదు.

బాపు అన్నదాంట్లో కొంత నిజం ఉంది. సోయా గింజలోంచి నూనె తీసేశాక మిగిలేది తెలగపిండి లాంటిదే. దాన్ని శుభ్రంగా పిండి చేసి, తడిపి, బాగా వేడి, ఒత్తిడి ఉండే మిషన్లోంచి తోస్తారు. మన జంతికల గొట్టం ఎట్లా పనిచేస్తుందో అట్లాగే, కాకపోతే బయటికి వచ్చేటప్పుడు ఒత్తిడి ఒక్కసారి తగ్గి అది పొంగుతుంది, లోపల పొరలు పొరలుగా, స్పాంజి లాగా అవుతుంది. ఆ పొరల వల్లే నమిలితే ముక్క నమిలినట్టు ఉంటుంది. అమెరికాలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్ అనే కంపెనీ 1960ల్లో దీన్ని అమ్మడం మొదలుపెట్టింది. ఈ సంగతి తర్వాత ఎప్పుడో చదివి బాపుకు చెప్తే "మన చేనులకెళ్ళి పోయిన గింజనే మళ్ళ మనం పైసలు పెట్టి కొంటున్నమా" అని చాలాసేపు ఆలోచించాడు.

సరే, వంట. దీన్ని తిట్టేవాళ్ళలో ఎక్కువమంది సరిగ్గా పిండకుండా వండినవాళ్ళే. ఇది నా గట్టి అభిప్రాయం. నీళ్ళు బాగా మరిగాక ఉప్పు, కొంచెం పసుపు వేసి మీల్ మేకర్ పోసి ఐదారు నిమిషాలు ఉంచాలి, ఇంకా ఎక్కువ ఉంచితే మెత్తబడి నోట్లో పిండి పిండి అవుతుంది. వార్చి చన్నీళ్ళు పోసి, రెండు అరచేతుల మధ్య పెట్టి పిండాలి. మొదటిసారి పిండితే పచ్చటి నురగ నీళ్ళు వస్తాయి, ఆ వాసనంతా అందులోనే ఉంటుంది. మళ్ళీ నీళ్ళు పోసి మళ్ళీ పిండాలి. మూడోసారికి నీళ్ళు తేటగా వస్తాయి. అప్పుడు ఇక ఆపొచ్చు. తర్వాత పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు పట్టించి అరగంట పక్కన పెట్టండి. పిండిన స్పాంజి కదా, ఎండిన చేను వాన నీళ్ళు పీల్చుకున్నట్టు ఆ మసాలా మొత్తం పీల్చుకుంటుంది. ఇక నూనెలో అంచులు ఎర్రబడేదాకా వేయించి, ఉల్లిగడ్డ, టమాటా, ధనియాల పొడి, ఎండుకొబ్బరి, గసాలు నూరిన ముద్ద వేసి దగ్గరికి రానిస్తే కూర అయిపోయినట్టే. పచ్చిమిర్చి ముక్కలు చివర్లో. దీనికి సొంత రుచి అంటూ పెద్దగా ఏమీ లేదు, మనం ఏం పెడితే అదే, అందుకే వండే మనిషి చెయ్యి ఎట్లాంటిదో ఈ కూరలో తెలిసినంత బాగా ఇంకే కూరలోనూ తెలియదు.

ఇక్కడే ఒక మాట పడుతుంటుంది నాకు. "నీసు మానేసినవ్, మరి నీసు లెక్క ఉండేది ఎందుకు తింటవ్? ఆశ చావలేదన్నట్టే గదా." మా బావ ప్రతి పండగకూ అంటాడు. మొదట్లో ఉడుక్కునేదాన్ని. ఇప్పుడు నా జవాబు ఒకటే. నాకు ఆశ ఉన్నది ముక్క మీద కాదు, అమ్మ నూరే ఆ గసాలు కొబ్బరి మసాలా మీద. ఆ మసాలా యాటకూర సొత్తు కాదు, అమ్మది. పదిహేనేళ్ళు తిన్న రుచి, బంతిలో అందరితో కూర్చుని అదే వాసన వచ్చే కూర కలుపుకోవడం, ఇవెందుకు వదులుకోవాలి?

ఇంకోవైపు నుంచీ మాట పడింది. ఆఫీసులో పుట్టుకతో శాకాహారి అయిన ఒక పెద్దావిడ నా డబ్బా చూసి ప్లేటు కాస్త అటు జరుపుకున్నారు. "మీల్ మేకరే మేడం" అన్నాను. "తెలుసమ్మా, చూడ్డానికి అట్లా ఉంటుంది కదా, మా ఇంట్లోకి రానివ్వం" అన్నారు. ఆమె అలవాటు ఆమెది, నాకు బాధ లేదు. కానీ ఆరోజు అర్థమైంది, ఒకవైపు వాళ్ళకు నేను సగం శాకాహారిని, ఇంకోవైపు వాళ్ళకు సగం మాంసాహారిని. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ చుక్క స్పష్టంగా ఉంటుంది, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. మా బిడ్డకు నాలుగేళ్ళప్పుడే నేర్పించాను. నాలుగేళ్ళ పిల్లకు చాలిన గుర్తు పెద్దవాళ్ళకు చాలడం లేదు.

ప్రోటీన్ గురించి. ఇది నేను తప్పించుకోలేని ప్రశ్న. "కూరగాయలు తింటే బలం ఎక్కడిది?" అని అడిగేవాళ్ళలో సగంమంది తాము రోజూ తినేది తెల్లన్నం, ఆలుగడ్డే అని మర్చిపోతారు. ఎండు మీల్ మేకర్ వంద గ్రాములకు యాభై గ్రాములకు పైగానే ప్రోటీన్ ఉంటుంది, ప్యాకెట్ వెనక చూసుకోండి. కానీ దీన్ని చూసి మోసపోవద్దు, ఎవరూ వంద గ్రాములు ఒక్కరే తినరు. నానితే అది రెండు మూడింతలు బరువెక్కుతుంది, గిన్నెడు అవుతుంది. ఒక మనిషి పూటకు తినేది ముప్పై గ్రాములు అనుకుంటే పదిహేను గ్రాముల ప్రోటీన్. గుడ్డులో ఆరు గ్రాముల చిల్లర ఉంటుంది కాబట్టి రెండున్నర గుడ్లంత అనుకోండి. అది మంచి లెక్కే, దాన్ని ఇంకా పెంచి చెప్పే అవసరం లేదు. మా తమ్ముడు ఇంటర్‌లో నన్ను బాగా ఏడిపించేవాడు, మగపిల్లలు తింటే ఆడలక్షణాలు వస్తాయని ఎవరో చెప్పారట. 2010లో ఒకటి, 2021లో ఒకటి, పాత పరిశోధనలన్నీ కలిపి చూసిన విశ్లేషణలు వచ్చాయి, సోయా వల్ల మగవాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ మారడం లేదని రెండింట్లోనూ తేలింది. అది పంపిస్తే చదవలేదు. తర్వాత జిమ్‌లో చేరాడు, అక్కడ ట్రైనర్ చెప్తే వెంటనే నమ్మాడు. ఇప్పుడు వారానికి మూడుసార్లు నాకు ఫోన్ చేసి "అక్కా, ఎంతసేపు నానబెట్టాలె?" అని అడుగుతున్నాడు.

పెళ్ళి సంగతికి వస్తాను. సంబంధాలు చూసేటప్పుడు నేను నీసు తిననని ముందే చెప్పమని అమ్మకు చెప్పాను. అమ్మ చెప్పలేదు. "అదో పెద్ద ముచ్చటా, పెండ్లయినంక అదే తెలుస్తది" అంది. కట్నాలు, నగల గురించి గంటలు మాట్లాడుకున్నారు కానీ నేను ఏం తింటానో ఎవరూ మాట్లాడుకోలేదు. పెళ్ళైన మూడోరోజు అత్తగారింట్లో దావత్, రెండు యాటలు కోశారు. నేను పెరుగన్నం తింటుంటే మా అత్తమ్మ చూసింది. ఏమీ అనలేదు. రాత్రి వంటింట్లో ఒక్కర్తే కూర్చుని ఏడ్చిందని తర్వాత ఆడబిడ్డ చెప్పింది. "ఒక్కగానొక్క కోడలు, నా చేతి కూర తినకపాయె" అని. ఆ మాట విన్నాక నాకు కోపం ఎట్లా వస్తుంది చెప్పండి? ఆమె చేతి కూరకు ఆ ఊళ్ళో పేరుంది, ఎవరింట్లో పెళ్ళైనా మసాలా పాళ్ళు చూడ్డానికి ఆమెనే పిలుస్తారు. మొదటి ఏడాది మా ఇద్దరి మధ్య సరిగ్గా మాటలు సాగలేదు.

కడుపుతో ఉన్నప్పుడు అసలు యుద్ధం. వీధివీధంతా వచ్చి చెప్పిపోయింది. కనీసం కాళ్ళ సూపు, కనీసం గుడ్డు, బిడ్డకు బలం రావాలంటే ఎట్లా, నీ పట్టుదల కోసం బిడ్డను ఎండబెడతావా. ఈ ఆఖరి మాట అన్నది ఎవరో ఇక్కడ రాయను, కానీ ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఐదో నెలలో చెకప్‌కు అత్తమ్మే తోడు వచ్చింది. డాక్టరమ్మను ఆమే అడిగింది, "నీసు తినకపోతే నడుస్తదా మేడం?" అని. నడుస్తుంది, పప్పులు, పాలు, పెరుగు, పల్లీలు, సోయా బాగా పెట్టండి, ఐరన్ మాత్రలు మానొద్దు అని డాక్టర్ చెప్పింది. రక్తపరీక్షలో బి12 విటమిన్ తక్కువ వచ్చింది, దానికి వేరే మాత్రలు రాసింది. ఇది మీల్ మేకర్ మీద నా మొదటి ఫిర్యాదు కింద రాసుకోండి: ప్రోటీన్ ఉందని అన్నీ ఉన్నట్టు కాదు, బి12 మొక్కల తిండిలో దొరకదు, పాలు పెరుగులో కొంత దొరుకుతుంది, నా లాంటివాళ్ళు పరీక్ష చేయించుకుని అవసరమైతే మాత్ర వేసుకోవాల్సిందే. శాకాహారులు దీన్ని ఒప్పుకోవడానికి ఇబ్బంది పడతారు, ఒప్పుకుంటే వాదనలో ఓడిపోయినట్టు అనుకుంటారు. ఇది వాదన కాదు, ఒళ్ళు.

ఆ చెకప్ నుంచి వచ్చేటప్పుడు అత్తమ్మ ఆటో ఆపి కిరాణా కొట్టు ముందు దిగింది. "గదేంది, సోయా అన్నది గా డాక్టరమ్మ, అది ఏ తీరుగ ఉంటది?" అని షాపతన్ని అడిగి అరకిలో తీసుకుంది. ఇంటికి వచ్చాక నేను చెప్తుంటే ఆమె చేసింది. పిండుడు దగ్గర ఆగి, "గట్టిగనా?" అంది. గట్టిగా అత్తమ్మా అన్నాను. పొలం పని చేసిన చేతులు ఆమెవి, ఒక్కో గుప్పెడు తీసుకుని పిండుతుంటే వేళ్ళ సందుల్లోంచి నురగ కారుతుంది, చెయ్యి తెరిస్తే మీల్ మేకర్ ముడుచుకుపోయి ఉండి మెల్లగా మళ్ళీ విచ్చుకుంటుంది. ఆమె దాన్నే చూస్తూ "మళ్ళ లేస్తున్నది చూడు" అంది. ఆ రోజు తన మసాలా మొత్తం వేసింది, యాటకూరకు వేసే పాళ్ళే. నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని నేను తినేదాకా లేవలేదు. నా పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "ఉప్పు జర తక్కువైంది" అంది. అంతే. మరుసటి వారం వెళ్ళేసరికి ఒక చిన్న సిల్వర్ గిన్నె, ఒక గంటె వేరుగా పెట్టింది, నావి. వాటితో నీసు ముట్టుకోనివ్వదు, మా ఆయనను కూడా. నేను అడగలేదు, నాకు గిన్నెల పట్టింపు కూడా లేదు. ఆమెకు తోచి చేసింది.

ఇప్పుడు ఇష్టం లేని ఒక విషయం. హైదరాబాద్‌లో ఇల్లు వెతుక్కునేటప్పుడు ఒక ఓనర్ "మీరు వెజ్జేనా?" అని అడిగారు. నేను తిననండీ అన్నాను. మొహం విప్పారింది. మా ఆయన, పాప తింటారు అన్నాను. మొహం ముడుచుకుంది. ఆ వెంటనే ఇంటిపేరు అడిగారు. నేను మాంసం తినకపోవడం ఆయనకు అక్కర్లేదు, మేమెవరో తెలుసుకోవడానికి అది దారి, అంతే. గది బాగుంది, నీళ్ళున్నాయి, స్కూల్ దగ్గర. వద్దని వచ్చేశాం. మా అత్తమ్మ వచ్చి తన కొడుక్కి నాలుగు ముక్కలు వండిపెట్టలేని ఇంట్లో నేనెందుకు ఉండాలి? నేను తినకపోవడాన్ని చూపించి ఇంకొకరు తినేదాన్ని మురికి అనేవాళ్ళంటే, షోర్వ పోసుకోమనేవాళ్ళ కంటే నాకు చాలా ఎక్కువ బాధ. షోర్వ వాళ్ళు నన్ను తమలో కలుపుకోవాలని చూస్తున్నారు, వీళ్ళు నన్ను నా వాళ్ళ నుంచి విడదీయాలని చూస్తున్నారు.

బయట తినడం గురించి రెండు ముక్కల్లో చెప్తాను. ఆఫీసు పార్టీలకు ఒక హోటల్ నుంచి బిర్యానీ వస్తుంది, పేరు వద్దు. అందరికీ చికెన్, నాకు వెజ్. ఒకసారి నా వెజ్ బిర్యానీలో సన్నటి ఎముక వచ్చింది, అదే అన్నం మీద క్యారెట్, బీన్స్ పేర్చి ఇచ్చారన్నమాట. ఫోన్ చేస్తే "పక్కకు తీసేసి తినండి మేడం, రైస్ ఒకటే కదా" అన్నారు. డబ్బులు తిరిగిచ్చారు, ఆ మాట మాత్రం తిరిగి తీసుకోలేదు. అప్పటి నుంచి ఆ రోజుల్లో మీల్ మేకర్ పులావ్ ఇంటి నుంచే తీసుకెళ్తున్నాను. చిన్న సైజువి, బఠాణీ గింజ కంటే కొంచెం పెద్దగా ఉండేవి దొరుకుతాయి, పులావ్‌కు అవే బాగుంటాయి, మసాలా లోపలిదాకా పడుతుంది. పెద్దవి కూరకు. నూకలాగా ఉండేది కూడా వస్తుంది, ఖీమా లాగా చేసుకోవచ్చు, దోసెల్లో పెట్టుకుంటే పిల్లలు ఇష్టంగా తింటారు.

ఇంకా కొన్ని. ప్యాకెట్ కంటే లూజు చవక, కానీ లూజు కొనేటప్పుడు ఒకటి తీసి వాసన చూడండి, పాత నూనె వాసన వస్తే వదిలేయండి. విరిస్తే పుటుక్కున విరగాలి, మెత్తగా వంగితే తేమ పట్టినట్టు. తెచ్చాక మూత గట్టిగా ఉండే డబ్బాలో పోసుకోండి. రోజూ తింటే కడుపుబ్బరం వస్తుంది, నాకు వస్తుంది, వారానికి రెండుసార్లు చాలు. సోయా పడనివాళ్ళు ఉంటారు, వాళ్ళు దీని జోలికి పోవద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళు మాత్రకూ దీనికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలని మా అత్తమ్మకు డాక్టర్ చెప్పింది, ఆమె పొద్దున మాత్ర వేసుకుంటుంది కాబట్టి మా ఇంట్లో ఇది మధ్యాహ్నం దాటాకే. రాత్రి మిగిలిన కూర పొద్దునకు ఇంకా బాగుంటుంది, చపాతీలో పెట్టుకోండి. పెళ్ళి వంటల్లో మాత్రం నమ్మకండి, వెయ్యిమందికి వండేచోట పిండే ఓపిక ఎవరికీ ఉండదు, ఆ పచ్చివాసన తిని చాలామంది జీవితాంతం దీన్ని వద్దంటారు.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది కడుపుబ్బరానికీ, ప్యాకెట్ మీద సరిగ్గా పిండమని పెద్ద అక్షరాలతో రాయనందుకూ.

పోయిన దసరాకు ఊరెళ్ళాం. జమ్మి ఆకు పెట్టి అందరి కాళ్ళు మొక్కి వచ్చేసరికి బంతి వేశారు. అత్తమ్మ ముందు నా గిన్నె తెచ్చి, నా గంటెతో నాకు వడ్డించి, ఆ తర్వాతే యాటకూర గిన్నె దించింది. పక్కన కూర్చున్న ఆడబిడ్డ కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, నా పళ్ళెంలోకి చూసి "అత్తా, నాకూ అది" అన్నాడు. వాడికి పెడితే వాడి చెల్లె అడిగింది, దానికి పెడితే మా పాప అడిగింది. మా బావ, అదే ప్రతి పండగకూ ఆశ చావలేదా అనే ఆయన, గిన్నె అటు పోతుంటే ఆపి రెండు వేసుకున్నాడు. నాకు రెండోసారి పెట్టేసరికి గిన్నెలో మసాలా తప్ప ఏమీ మిగల్లేదు. అత్తమ్మ ఖాళీ గిన్నె చూసి వాళ్ళందరి మీదా అరిచింది, "అది నా కోడలుది, మీకు యాట లేదా?" అని. మొన్న ఆదివారం ఫోన్ చేసి, ఈసారి వచ్చేటప్పుడు కిలో పట్టుకురమ్మంది, పెద్ద సైజుది.